ఆలస్యంగా పడే మొదటి అడుగు

మిసిసిపీలో ఆగస్టు ఎండకి దారి చివర ఎప్పుడూ నీళ్లున్నట్టే కనిపిస్తుంది. పత్తి చేల మధ్య ఆ తడి మెరుపులోకి కారు పోనిస్తూ, పల్లె ఇళ్లకు ఉత్తరాలు పంచే రాయ్స్ టిల్మన్ ఇంకా ఎవరూ ఆడని ఆటలు చూస్తుండేవాడు. ఆ ఆటల్లో బెల్‌ఫోర్డ్ కాలేజీ జట్టు ఎప్పుడూ ఓడిపోదు. బంతిని చేత్తో విసిరి, ఒకరినొకరు తోసుకుంటూ ఆడే అమెరికా ఫుట్‌బాల్ అది. బంతి గాలిలో చాలాసేపు ఉంటుంది. బూడిదరంగు చొక్కా కుర్రాడొకడు దాని కిందకు తీరిగ్గా పరిగెడతాడు. అంతలో ఎవరింటి ఉత్తరాల పెట్టో వచ్చేస్తుంది. కారాపి, కరెంటు బిల్లు అందులో వేసి, మళ్లీ ఆటలోకి వెళ్లిపోతాడు.

ఆ జట్టుకు నది ఒడ్డు కొంగ గుర్తు. ఊళ్లో అందరూ 'మన కొంగలు' అంటారు. నిరుడు పదకొండు ఆటల్లో మూడే గెలిచాయి. అయినా ఆగస్టు రాగానే రాయ్స్ పొద్దున్నే మైదానం కంచె దగ్గర నిలబడి సాధన చూసేవాడు. పాతవాళ్లలో ఎవరు ఎదిగారు, ఎవరు ఒళ్లు పెంచారు, కొత్తగా చేరినవాళ్లలో ఎవరికి దమ్ముంది, ఒక్కొక్కరికీ నాలుగు వాక్యాలు రాసి, టైపు చేయించి, లెస్టర్ సెలూన్ గోడకు అంటించేవాడు. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. ఊళ్లో సగంమంది పత్రికను కాదని ఈ కాగితాలే నమ్ముతారు.

"ఏంటి రాయ్స్, ఈసారైనా నీ కొంగలు చేప పడతాయా? లేక ఒంటికాలి మీద నిలబడే ఉంటాయా?" అన్నాడు లెస్టర్, ఒకాయన తలకు కత్తెర వేస్తూ.

"నవ్వు, నవ్వు. బంతి విసరడానికి టెక్సస్ నుంచి ఒకడొచ్చాడు. వాడి చెయ్యి చూస్తే నీ చేతిలో కత్తెర జారిపోద్ది."

"ముందు నా చెవి సంగతి చూడండయ్యా," అన్నాడు కుర్చీలో ఆయన.

ఆ ఏటి కాగితాల్లో మూడో పేజీలో మార్కెల్ గెయిన్స్ ఉన్నాడు. అదే జిల్లా కుర్రాడు, మూడు వందల పౌండ్ల మనిషి. బంతి విసిరేవాడి మీదికి ఎదుటి జట్టు దూకకుండా గోడలా అడ్డం నిలబడేందుకు తీసుకున్నారు. రాయ్స్ ఇలా రాశాడు: 'ఒళ్లుంది, కదలిక లేదు. బంతి కదిలాక ప్రపంచమంతా కదులుతుంది, ఇతను తప్ప. మొదటి అడుగు ఆలస్యం. ఈ ఏడు బెంచీకే.'

మార్కెల్‌ను పెంచిన అమ్మమ్మ మిస్ ఓజెల్లా ఇల్లు రాయ్స్ ఉత్తరాలిచ్చే దారిలోనే ఉంది. చూపు బాగా మందగించింది ఆమెకు. ఆ శుక్రవారం వరండాలో కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. కారు చప్పుడు వినగానే పిలిచింది.

"రాయ్స్, ఇలా రా నాయనా. మావాడి గురించి ఏదో రాశావంట కదా. ఆ కాగితం ఉందా? చదివి పెట్టు."

కాగితం కారులోనే ఉంది. తెచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. మార్కెల్ గురించి రాసింది ఆమెకు వినిపించబుద్ధి కాలేదు. పైపేరాలో టెక్సస్ కుర్రాడి గురించి మంచి మాటలున్నాయి. వాటినే చదివాడు. "చురుకైనవాడు, నమ్మదగ్గవాడు, ముందు ముందు ఈ జట్టుకు వెన్నెముక అవుతాడు..."

ఆమె చేతులు ఆగలేదు. గింజలు గిన్నెలో టప్ టప్ మని పడుతూనే ఉన్నాయి.

"బాగుంది. కానీ పాస్టరు గారి భార్య నిన్ననే నాకు చదివి వినిపించి వెళ్లింది నాయనా. నువ్వెలా చదువుతావో విందామని అడిగా."

రాయ్స్‌కు చెవులు వేడెక్కాయి. "తప్పయిపోయిందమ్మా."

"రాసింది తప్పని అనడంలా. వాడి అడుగు ఆలస్యమే. ఎందుకో తెలుసా? మా ఆయన మూడేళ్లు మంచాన పడ్డాడు. ఆయన్ని లేపి కుర్చీలో కూర్చోబెట్టేది వీడే. అప్పటికి పదిహేనేళ్లవాడు. ముందే లాగితే ఆయనకు నొప్పి. అందుకని చేతులు పట్టి నిలబడేవాడు. ఆయన బరువు తన మీదకొచ్చిందాకా ఆగి, అప్పుడు లేపేవాడు. ఒక్కసారి పడేయలా. నువ్వు కంచె దగ్గర వాడి కాళ్లే చూశావు. చేతులు చూశావా?"

రాయ్స్ కాగితం మడిచి లేచాడు. ఆ పూట మిగిలిన ఉత్తరాలు ఎలా పంచాడో అతనికే గుర్తులేదు.

మర్నాడు తెల్లవారుజామున మైదానం మీద పొగమంచు మోకాళ్ల దాకా ఉంది. కుర్రాళ్ల కాళ్లు కనిపించలేదు. మంచు మీద భుజాలు, చేతులు మాత్రం తేలుతున్నాయి. రాయ్స్ మార్కెల్ చేతులే చూశాడు. ఎదుటివాడు దూసుకొచ్చాడు. మార్కెల్ కదల్లేదు. వచ్చిన బరువును రెండు అరచేతుల్లోకి తీసుకుని, ఒక క్షణం ఆగి, పక్కమీద పడుకోబెట్టినంత మెల్లగా మంచులోకి దించేశాడు. మళ్లీ ఇంకొకడు. మళ్లీ అంతే. కంచె పట్టుకుని నిలబడ్డ రాయ్స్‌కు తాను కూడా కాస్త తేలుతున్నట్టనిపించింది.

సోమవారం మూడో పేజీ మారింది. 'దూకి తోసే పనికి ఇతను పనికిరాడు. బంతి విసిరేవాణ్ణి కాచే పనికి ఇతన్ని మించినవాడు మన దగ్గర లేడు. నేను చూడాల్సిన చోట చూడలేదు,' అని రాసి కింద సంతకం చేశాడు.

"ఇరవై రెండేళ్లలో నువ్వు తప్పొప్పుకోవడం ఇదే మొదలు," అన్నాడు లెస్టర్. "ఒంట్లో బాగానే ఉందా?"

నాలుగో ఆటలో ఎడమవైపు కాచేవాడి చీలమండ బెణికింది. మార్కెల్‌ను లోపలికి పంపారు. ఆ రోజు రాయ్స్ మిస్ ఓజెల్లాను తన కారులో తీసుకొచ్చి పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఆమెకు మైదానం పచ్చటి మసకలా మాత్రమే కనిపిస్తోంది.

"ఏమైంది?" అని అడిగింది.

"ఏమీ కాలేదమ్మా. టెక్సస్ కుర్రాడు బంతి విసిరాడు. మీవాణ్ణి దాటి ఎవరూ వాడి దాకా రాలేదు."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ ఏమీ కాలేదు."

ఆ మధ్యాహ్నమంతా ఆమె అడుగుతూనే ఉంది, అతను అదే చెబుతూనే ఉన్నాడు. చెప్పిన ప్రతిసారీ ఆమె ముఖం ఇంకొంచెం వెలిగేది. కొంగలు మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాయి. జనం లేచి వెళ్లిపోయారు. వాళ్లిద్దరూ మాత్రం ఎండ వాలుతున్న ఖాళీ మెట్ల మీద కూర్చుని, వేయించిన వేరుశెనగలు తింటూ, మార్కెల్ స్నానం చేసి బయటికొచ్చేదాకా ఎదురుచూశారు.