మైనస్ నలభైలో మా ఆదిశేషమ్మక్క

మా తోడికోడలు ఆదిశేషమ్మక్క నోట ముందొచ్చే మాట "కాదు". మనమేం చెప్పామో ఆ తర్వాత వింటుంది. "అక్కా, అన్నం ఉడికింది" అంటే "కాదు" అంటుంది. మూత తీసి, ఆవిరి ముఖాన కొడితే గానీ ఒప్పుకోదు. చిట్టమూరులో ఓట్లడగొచ్చినోళ్లు మా వీధిలో నమస్కారం కూడా భయం భయంగా పెడతారు.

అట్లాంటి మనిషితో ఒకరోజు కారే వాదనకు దిగింది.

రోహిణి కార్తె. రోడ్డు మీద తారు కరుగుతోంది. ఎన్నడూ ఏసీ ముట్టనియ్యని అక్క ఆరోజు తనే నొక్కింది. తెర మీద బయటి వేడి "మైనస్ నలభై" అని పడింది. బయట మంచు కురుస్తోందనుకుందేమో, కారు మా మీదికి వేడిగాలి ఊదడం మొదలెట్టింది.

"కాదు!" అని అక్క స్టీరింగ్ మీద ఒక్కటిచ్చింది.

నాయుడుపేటలో మెకానిక్ కృపాదానం చూసినాడు. "సెన్సార్ పోయినాది మేడమ్. బయట ఎంత వేడుందో కారుకి చెప్పేది అదే. తెప్పించాల. ఎల్లుండి రాండి."

"కాదు. ఇయ్యాలే."

"రెండ్రోజులేగా, అద్దాలు దించుకొని పోండి మేడమ్."

"కాదు!"

మండుటెండలో కొట్టు కొట్టూ తిరిగినాం. ప్రతి కొట్లో వాళ్లు "లేదు" అన్నారు, ఈమె "కాదు" అంది. చివరికి ఒకాయన ఈమెను వదిలించుకుంటే చాలని అటకెక్కి వెతికి తెచ్చినాడు. చిటికెన వేలంత ముక్క!

కృపాదానం బంపర్ విప్పి, పాతది పీకి, కొత్తది బిగించినాడు. తెర మీద నలభై మూడు పడింది. లోపల చల్లగాలి.

"సరిపోయినాది మేడమ్!"

"కాదు," అంటూ అక్క చెయ్యి ఎండలో పెట్టి, చురుక్కుమనగానే వెనక్కి తీసుకుంది. పర్సు తీసి డబ్బులిచ్చింది.

ఇంటికి పోతామనుకున్నా. కారు ఆసుపత్రి ముందు ఆగింది. మా వీధికి చేపలు తెచ్చే అంకాలమ్మ, దాని కూతురు చిట్టి, చిట్టి ఒళ్లో పసిగుడ్డు. ఆరోజే ఇంటికి పంపుతున్నారంట. ఆ సంగతి అక్క నాకు చెప్పనేలేదు.

"ఒద్దమ్మా, ఆటోలో పోతాం. చేపల కంపు మేము, మీ కారు పాడవతాది," అంది అంకాలమ్మ.

"కాదు," అంది అక్క. బిడ్డ అప్పటికే ఆమె చేతుల్లో ఉంది. "ఈ వడగాలికి పచ్చి బాలింతనీ పసిదాన్నీ ఆటోలో వేస్తావా? ఎక్కు!"

చల్లగా బయల్దేరినాం. పొద్దు వాలుతోంది. ఊరు దాటామో లేదో, బిడ్డ ఒక్క తుమ్ము తుమ్మింది.

బ్రేకు పడింది.

"జలుబు చేసింది!"

"కాదక్కా, ఉత్త తుమ్మే!" అన్నాన్నేను.

వింటేనా? ఏసీ ఆగిపోయింది, అద్దాలన్నీ దిగిపోయినాయి. చిట్టమూరు దాకా నలుగురు ఆడోళ్లం చెమటలు కక్కుకుంటూ కూర్చున్నాం. బిడ్డ మాత్రం గుప్పిట బిగించి హాయిగా నిద్రపోయింది.