ఆరు చుక్కల తాళం

అలెగ్జాండ్రియాలో అత్తారీన్ బజారు మొత్తానికి వగ్దీ తెరవలేని తాళం లేదని పేరు. అంత పేరున్న మనిషి పదిహేను రోజులుగా పెళ్లాం ఉత్తరాల చుట్టూ దొంగలా తచ్చాడుతున్నాడు. అనుమానం పట్టిన మగాడికి మందెక్కడుంది చెప్పండి.

సమీహాకు పుట్టుకతోనే చూపు లేదు. అంధుల బడిలో పాఠాలు చెబుతుంది. ఇంట్లో ఆమె కంప్యూటర్‌కు ఒక పలక తగిలించి ఉంటుంది. తెరమీద అంధుల లిపి చుక్కలు వస్తే, ఆ పలకలో సన్నటి మొనలు లేచి వేలికి తగులుతాయి. ఈమధ్య ఫిక్రీ అనే చిన్ననాటి నేస్తం చుక్కల్లో ఏవో రాసి పంపుతున్నాడు. అవి వచ్చినప్పుడల్లా ఆమె తలుపు దగ్గరగా వేసుకుని చదువుకుంటోంది. చదువుతూ నవ్వుకుంటోంది కూడా. ఆ నవ్వు ఇంట్లో వినబడి ఎన్నేళ్లయిందో.

"ఏం రాశాడు వాడు?" అని ఒకసారి అడగనే అడిగాడు.

"పాత సంగతులే," అంది సమీహా. "నీకు పనికొచ్చేవి కావులే."

అంతే, వగ్దీ రొట్టె ముక్క పళ్లెంలో పడేసి లేచాడు. ఆమె లేనప్పుడు తెరమీది చుక్కలు నాలుగు వరుసలు కాగితం మీదికి ఎక్కించుకుని, పక్క కొట్లో కంప్యూటర్లు బాగుచేసే హలీమ్ దగ్గరికి పోయాడు. ఎవరో ముసలామెవి, చదివి పెట్టమంది అని బొంకాడు.

"కంప్యూటర్‌కు చుక్కలేం కనబడతాయి ఉస్తా," అన్నాడు హలీమ్, చేతిపని వాళ్లను బజార్లో పిలిచే పిలుపుతో. "ఆరు చుక్కలకూ తలా ఒక విలువ పెట్టారు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫై రెండు. లేచిన వాటిని కూడితే వచ్చేదే దాని అంకె. ఏ రెండు గుర్తులకూ ఒకే అంకె రాదు. పోయేదీ వచ్చేదీ ఆ అంకే. అవతలి యంత్రం దాన్ని చూసి మళ్లీ చుక్కలు లేపుతుంది."

వగ్దీకి ఇట్టే ఎక్కింది. తాళంచెవికి ఆరు గాట్లున్నట్టే కదా. ఏ గుర్తు ఏ అక్షరమో హలీమ్ దగ్గర పట్టీ రాయించుకుని పనిలో పడ్డాడు. మూడు రోజులు తంటాలు పడ్డా ఒక్క మాటా కుదరలేదు. గూఢభాష పెట్టుకున్నారు, సిగ్గులేని జాతి, అని పళ్లు నూరాడు.

ఆ కాగితం మళ్లీ తెస్తే హలీమ్ చూసి పకపకా నవ్వాడు. "కుడినుంచి మొదలెట్టావా? అరబీని కుడినుంచి రాసినా చుక్కల్లో ఎడమనుంచే నడవాలి ఉస్తా. ఇంతకీ ఆ ముసలామె ఎవరో గాని నీకు నిద్ర లేకుండా చేస్తోంది."

శుక్రవారం సమీహా వాళ్ల అక్క ఇంటికి వెళ్లింది. వగ్దీ ఆమె కుర్చీలో కూర్చుని, ఎడమనుంచి మొదలెట్టాడు. "నువ్వు రాని రోజు ఈ వీధికి తలుపులే లేనట్టుంటుంది." వాడి నోరు పడిపోను, అనుకున్నాడు. "నా చేతులకు ఆకురాయి పొడి వాసన. నీ చెయ్యి పట్టుకోవాలంటే సిగ్గు."

ఫిక్రీ అంధుల పుస్తకాలు వేసే అచ్చాఫీసులో పనిచేస్తాడు. వాడికి ఆకురాయితో పనేమిటి? వగ్దీ చెయ్యి ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ల కిందట, పెళ్లికి ముందు, తన మేనమామ తాళాల కొట్టు వెనక కూర్చుని ఈ మాటలు రాసింది తనే.

"ఆకురాయి వాసన వస్తోంది," అంది అప్పుడే తిరిగొచ్చిన సమీహా గుమ్మంలోంచి. "నా కుర్చీలో కూర్చున్నావు."

వగ్దీ అక్షరాల పట్టీ మడిచి జేబులో దోపుకున్నాడు.

"నీ ఉత్తరాలే. ఫిక్రీ చేత చుక్కల్లోకి ఎక్కించాను. అప్పట్లో మా అక్క చదివి వినిపించేది, మాట మాటకీ ఇకిలించేది. మధ్యలో ఎవరూ లేకుండా ఒక్కసారి చదువుకోవాలనిపించింది."

"నన్నడిగితే నేను చదవనా?"

సమీహా తల అడ్డంగా ఊపింది. "అందుకే అడగలేదు. రాసినవాడి గొంతు నాకింకా గుర్తుంది. నీ ఇప్పటి గొంతులో వింటే అది పోతుంది."

వగ్దీ లేచి కుర్చీ వదిలాడు. ఆమె వేళ్లు పలక మీద ఎడమనుంచి కుడికి కదిలాయి. రెండో వరుసలో నవ్వు వచ్చింది. ఫిక్రీ మీది మంట ఎప్పుడో చల్లారింది. ఇప్పుడు అవి రాసిన ఆ ఇరవైమూడేళ్ల కుర్రవాడి మీద రాజుకుంది, వాడి చొక్కా పట్టుకుని నిలదీద్దామన్నా దొరకడు.

"ఏం రాశాడు వాడు?" అన్నాడు.

"పాత సంగతులే," అంది సమీహా.

వగ్దీ బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.