అమ్మ మోచేయి, నాన్న సంగటి

నా చిన్నప్పుడు మా ఇంట్లో రాత్రిపూట రాగి సంగటి ఉండి తీరాల్సిందే. తొంభైల్లో తార్నాకలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. నాన్న యూనివర్సిటీలో గుమాస్తా. సీమ వదిలి ఎన్నేళ్లయినా సంగటి ముద్ద పడందే ఆయనకు భోంచేసినట్టుండేది కాదు. మెత్తగా ఉడికిన అన్నంలో రాగిపిండి పోసి, ఉండలు కట్టకుండా కట్టెతో గెలకడం అమ్మ వంతు.

ఆ ఏడు అమ్మ ప్రైవేటుగా ఎం.ఏ.కి కట్టింది. పెళ్లితో ఆగిన చదువది. పరీక్షలు ఇంకో రెండు నెలలున్నాయనగా కుడి మోచేతి లోపలివైపు నొప్పి పట్టుకుంది. తడిబట్ట పిండితే ప్రాణం పోయినంత పనయ్యేది. ఒక పేజీ రాసేసరికి పెన్ను జారిపోయేది. పని చేస్తుంటే అదే వదులుతుందని అమ్మ మరింత గట్టిగా గెలికేది, వేడి ఆముదం రాసి కసాకసా రుద్దేది. నాన్న చెడ్డవాడేం కాదు. రెస్టు తీసుకోమని రోజూ చెప్పేవాడు, చెప్పి సంగటికి కూర్చునేవాడు. ఈసారికి పరీక్ష రాయనని అమ్మ అన్నప్పుడు నాకు ఏడుపాగలేదు.

పక్కింటి అక్క ఫిజియోథెరపీ చదివేది. పరుగున వెళ్లి పిలుచుకొచ్చాను. మోచేతి లోపలి ఎముక దగ్గర అలా నొక్కిందో లేదో, అమ్మ కెవ్వుమంది.

"దీన్ని గోల్ఫర్స్ ఎల్బో అంటరు ఆంటీ."

"నేనేడ గోల్ఫ్ ఆడినాను పాపా?"

"బంతి లేకపోతే ఏంది, గీ కట్టె ఉన్నది కదా!"

నొప్పితోనే అమ్మ పకపకా నవ్వింది. మణికట్టును వంచే కండరాలన్నీ ఆ ఎముక దగ్గరే అతుక్కుని ఉంటాయని, గట్టిగా పట్టి తిప్పే పని రోజూ చేస్తే అక్కడ దెబ్బ తింటాయని అక్క చెప్పింది. తర్వాత నాన్న వైపు తిరిగింది.

"అంకుల్, పోల్చి చూడనీకి ఇంకో చెయ్యి కావాలె. ఇయ్యాల సంగటి మీరు గెలకండి."

నాన్న ఉషారుగా కట్టె అందుకున్నాడు. పిండి బిగుసుకునేసరికి చెమటలు పట్టాయి, చేతులు మార్చాడు. అక్క ఆయన మోచేతి దగ్గర వేలు పెట్టి, గుంజుతున్నది గీడనే కదా అంది. నాన్న తలూపాడు. ఆ రాత్రి అందరం ఉండల సంగటే తిన్నాం, ఎవరూ వంక పెట్టలేదు.

మర్నాటి నుంచి కట్టె నాన్నదే. తడిబట్టలకు చెరో కొసా పట్టుకుని నేనూ ఆయనా పిండేవాళ్లం. అక్క చెప్పినట్టు అమ్మ ఐసుముక్కను గుడ్డలో చుట్టి అద్దుకునేది. నొప్పి కాస్త తగ్గాక, అరచేయి పైకి పెట్టి చేయి చాపి, వేళ్లను మెల్లగా వెనక్కి లాగేది. ఆ తర్వాతే చిన్న నీళ్ల సీసా పట్టుకుని మణికట్టును నిదానంగా కిందికి దించడం నేర్చుకుంది. తొందరపడితే మళ్లీ మొదటికొస్తుందని అక్క రోజూ వచ్చి హెచ్చరించేది.

పరీక్షల నాటికి నొప్పి పూర్తిగా పోలేదు గానీ పెన్ను పట్టనిచ్చింది. క్యాంపస్‌లో పరీక్ష హాలు బయట మెట్ల మీద నేనూ నాన్నా కూర్చున్నాం. అమ్మ చివరి గంట కొట్టేదాకా రాసి, వేళ్లు విదిలించుకుంటూ నవ్వుతూ వచ్చింది. ఏం రాశావని నాన్న అడగలేదు. చెయ్యెట్లుందని అడిగాడు.

అక్క పెళ్లయి ఏ ఊరు వెళ్లిందో తెలియదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి. ఆ తల్లి పుణ్యాన, ఎవరైనా నొప్పి అంటే నేను రెస్టు తీసుకోమనను. ఏ పని చేస్తే నొప్పెడుతోందో అడిగి, ఆ పని నేను అందుకుంటాను.