పంతులమ్మగారి కొబ్బరాకు గుర్రం

పోయిన వారం హుటాన్ మెలింటాంగ్ నుంచి ఇపో బజారుకి చేపలు తెచ్చే లారీ అతను మా గుమ్మం ముందు ఆగి, చెప్పులు విడిచి నిలబడ్డాడు. "అమ్మా, మీ పంతులమ్మగోరు పోయినారు. నిద్దట్లోనే, కష్టపడనేదు" అన్నాడు. అప్పుడే దీపం పెట్టి లేచినదాన్ని, మళ్ళీ కూర్చుని రాముడికి ఆవిడ పేరు చెప్పుకున్నాను. ఆవిడ క్రైస్తవురాలు. అయినా చెప్పుకున్నాను. ఎనభై దాటిన నిండు బతుకు. ఏడుపు రాలేదు. చాలాసేపు ఆవిడ నవ్వే గుర్తొచ్చింది.

ఆవిడను ఎరగని మీకోసం నాలుగు మాటలు రాస్తున్నాను.

మా నాన్న మలయాలో ఆ హుటాన్ మెలింటాంగ్ దగ్గర కొబ్బరి ఎస్టేటులో కంగాణీ. చికాకోలు, అంటే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కూలీల చేత పని చేయించేవాడు. కొబ్బరి ఎండబెట్టే కొట్టం పక్కనే పిల్లల బడి, ఒక పాక. దానికంతటికీ పంతులమ్మగారు ఒక్కరే. చిన్నతనంలోనే భర్త పోయిన మనిషి. వాళ్ళ నాన్న మిషను బడిలో లాటిను నేర్చుకుని, కొడుకులు లేకపోవడంతో కూతురికే నేర్పాడట. ఆవిడ రోము కవుల పద్యాలు చదువుతుంటే మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. గుర్రం పరుగెత్తే చోటు వస్తే మాత్రం బల్ల మీద వేళ్ళతో దరువు వేసేవారు. అప్పుడు మేమంతా అర్థమైనట్టే నవ్వేవాళ్ళం.

గుర్రాలంటే ఆవిడకు అంత ఇష్టం. ఎక్కడం మాట అటుంచండి, మేనేజరు దొర గుర్రం ఎదురొస్తే గొడుగు అడ్డం పెట్టుకుని పక్కకి తప్పుకునేవారు. ఆవిడ గుర్రాలన్నీ మాకు తెలుగులో చెప్పే కథల్లోవే. యుద్ధంలో పోయిన కుర్రవాడి పాడె వెనక కన్నీళ్ళు కారుస్తూ నడిచిన గుర్రం. రెక్కల గుర్రం డెక్కతో కొండను తన్నితే పుట్టిన ఊట. పగ్గం పట్టడం చేతకాని సూర్యుడి కొడుకు రథమెక్కితే, ఆ చెయ్యి కొత్తదని పసిగట్టి ఆకాశంలో దారి తప్పిన గుర్రాలు.

"ఆ రోమువాళ్ళ సూర్యుడికి ఎన్ని గుర్రాలండీ?" అని ఒకసారి అడిగాను.

"నాలుగు."

"మా సూర్యుడికి ఏడు" అన్నాను గర్వంగా.

"అయితే మేత ఖర్చు మీ సూర్యుడికే ఎక్కువ" అన్నారావిడ, నవ్వకుండా.

పరాయి దేవుళ్ళ కథలు వింటే పాపమేమోనని నాకు లోపల బెరుకుగా ఉండేది. అదీ అడిగేశాను. "నాకూ వాళ్ళు దేవుళ్ళు కారు తల్లీ. గుర్రాలను చేసినవాడు మాత్రం దేవుడే కదా" అన్నారు. ఆ మాట తరువాత నాకు మళ్ళీ ఆ బెరుకు కలగలేదు.

నాకు పన్నెండో ఏడు వచ్చేసరికి ఆ బడిలో చదువు అయిపోయింది. ఇపోలో ఆడపిల్లల హైస్కూలు ఉంది, ఉండటానికి హాస్టలు ఉంది, పంపించమని పంతులమ్మగారు మా ఇంటికి వచ్చి అడిగారు.

"సదివింది సాలు పంతులమ్మగోరూ" అన్నాడు నాన్న. "ఆడపిల్ల ఉత్తరం సదవగలిగితే సాలదేటి?"

"మీ పిల్ల గొంతు మీరెప్పుడైనా విన్నారా కంగాణీగారూ?"

"దానికి గొంతుంటే కదా!" అని నాన్న నవ్వాడు.

నిజమే. నేను మొదటినుంచీ నెమ్మదిగా మాట్లాడేదాన్ని. నాన్న ఎదుట అసలు పెదవి విప్పేదాన్ని కాదు. చదువు మీద ఎంత ఆశ ఉన్నా ఆ రోజూ విప్పలేదు.

ఆ నెలలోనే బడి పండగ. పంతులమ్మగారు నాటకం తలపెట్టారు. ఏళ్ళ తరబడి లొంగని ఊరిని శత్రువులు కొయ్యగుర్రం కడుపులో దాగి గెలిచిన కథ. ఆడపిల్లలు పదిమంది ముందు నిలబడి ఆడటానికి పెద్దలు ఒప్పుకోలేదు. "నిలబడరు. గుర్రం కడుపులో కూర్చుంటారు" అన్నారావిడ. దాంతో సరేనన్నారు. వెదురు బద్దలతో ఒళ్ళు కట్టి, పైన కొబ్బరాకు తడికలు కప్పి, జూలుకీ తోకకీ పీచు వేలాడదీశాం. కింద బండి చక్రాలు. ఆవిడ నాటకంలో కథ చెప్పేది గుర్రమే. దాని గొంతు నాది.

పండగ పొద్దున బడికి వెళ్ళి చూద్దుం కదా, గుర్రం నుదుట పసుపూ బొట్టూ! మెడలో మందారాల దండ, ముందు కొట్టిన కొబ్బరిచిప్పలు. కూలీల లైను ఇళ్ళ ఆడవాళ్ళు ఏదో దేవుడి వాహనం అనుకుని మొక్కి వెళ్ళారు. చూడవచ్చిన పాదిరి దొర ముఖం ఎర్రబడింది. అవన్నీ తీయించమన్నాడు.

"కథలో ఆ ఊరివాళ్ళు కూడా దండలు వేసే లోపలికి లాక్కెళ్ళారు దొరగారూ. మావాళ్ళకి చెప్పకుండానే తెలిసిపోయింది" అన్నారు పంతులమ్మగారు. దొర కాసేపు బిగుసుకుని, ఇక ఆగలేక నవ్వేశాడు. దండ ఉండిపోయింది.

మగవాళ్ళు తాళ్ళు పట్టి గుర్రాన్ని లాగారు. కడుపులో చీకటి, పచ్చి ఆకు వాసన. "నన్ను చేసినవాళ్ళు మాట్లాడటానికి చేయలేదు. అయినా ఈ రోజు మాట్లాడతాను" అని మొదలుపెట్టాను. ఎవరి ముఖమూ కనబడటం లేదు కాబట్టి భయం లేదు. నాలో అంత గొంతు ఉందని నాకే తెలియదు. బయట ఒక ముసలమ్మ "నారాయణా" అంది. తడిక సందులోంచి నాన్న కాళ్ళు మాత్రం కనిపించాయి. కాలిపోతున్న ఊరి సంగతి చెబుతుంటే ఆ కాళ్ళు కొంచెం కొంచెం ముందుకు జరుగుతూ వచ్చాయి.

"ఎవులి పిల్లర్రా ఇది? ఎంత బాగా సెప్తంది!" అన్నాడు నాన్న.

"పిల్లేటి మావా, అమ్మోరే పలుకుతంటే!" అన్నారెవరో.

కథ అయిపోయింది. "కంగాణీగారూ, ఆ గుర్రం తలుపు మీరే తీయండి" అన్నారు పంతులమ్మగారు.

నాన్న తడిక ఎత్తాడు. చెమటతో, జుట్టునిండా పీచుతో నేను. ఎత్తిన తడిక పట్టుకునే నిలబడిపోయాడు.

"నువ్వేనేటే?"

తల ఊపాను.

"నోటితో సెప్పు."

"నేనే నాన్నా. ఇపో పంపించు. చదువుకుంటాను."

నాన్న నన్నే చూశాడు. తరువాత పంతులమ్మగారి వైపు తిరిగి, "గుర్రంలో దాసిపెట్టి నా కోట గెలిసేసినారు కదమ్మా!" అన్నాడు. పాక అదిరేలా నవ్వారు అందరూ. నాన్న కూడా.

ఆ తరువాత నేను హైస్కూలు చదువు పూర్తి చేయడం, పెళ్ళి, పిల్లలు, అన్నీ భగవంతుడి దయవల్ల సక్రమంగానే జరిగాయి. ప్రతి ఏడూ ఒకసారైనా వెళ్ళి ఆవిడ చేతి కాఫీ తాగి వచ్చేదాన్ని. కానీ కబురు విన్న దగ్గరనుంచీ నా కళ్ళ ముందు నిలిచింది ముసలి పంతులమ్మగారు కాదు, నేను ఇపోకి బయలుదేరిన నాటి మనిషి.

నాన్న, నేను ఏటి రేవులో లాంచి ఎక్కాం. ఆవిడ రేవు దాకా వచ్చారు. లాంచి కదిలాక చూస్తే ఒక్కో మెట్టే దిగుతూ నీళ్ళలోకి వచ్చేశారు. తెల్లచీర కుచ్చిళ్ళు నీటి మీద తేలుతున్నాయి.

"పంతులమ్మగోరూ, మొసళ్ళుంటాయి! పైకెల్లండి!" అని నాన్న కేక పెట్టాడు.

ఆవిడ చెవి వెనక చెయ్యి పెట్టి, వినబడలేదన్నట్టు నవ్వుతూ, ఇంకో మెట్టు దిగారు.