కుట్టుగదిలో స్పిరిట్ దీపం

సత్యదుర్గ గారు బడికి రాగానే ముందు గోదావరి వైపు కిటికీలు రెండూ మూసేస్తారు. ఆ తర్వాతే లైటు వేసి, కుట్టుమిషన్ల మీది గుడ్డలు తీస్తారు. కిటికీ తెరిస్తే వశిష్ఠ పాయ మీంచి వచ్చే గాలికి బల్ల మీద పరిచిన గుడ్డ నిలవదు. "మా టీచరుగారికి గాలంటే కోపం" అని పిల్లలు నవ్వుకుంటారు.

రాజోలు దగ్గరి ఈ బాలికల హైస్కూల్లోనే ఆవిడ చదువుకున్నారు. అప్పుడిది సైన్సు గది. నల్లరాతి బల్ల, మూలనున్న సింకు ఆనాటివే. ఇప్పుడు ఆ బల్ల మీద జాకెట్లు కత్తిరిస్తారు.

ఆ రోజుల్లో సైన్సు చెప్పింది రాఘవులు మాస్టారు. పాఠాలు చెప్పేవాళ్ళలో ఆయనొక్కరే మగవారు. మంచివారు, కాకపోతే పేరు పోతుందని భయం. ఆడపిల్లలతో తలుపేసిన గదిలో ఉన్నాడన్న మాట రాకూడదని తలుపులూ కిటికీలూ బార్లా తెరిచేవారు. పొటాషియం పర్మాంగనేట్ గాజుగొట్టంలో వేసి వేడిచేస్తే ఆక్సిజన్ వస్తుంది. కొసన నిప్పు మాత్రమే మిగిలిన అగరొత్తిని ఆ గొట్టంలో పెడితే భగ్గున మండాలి. మాస్టారు స్పిరిట్ దీపం వెలిగించేవారు, గాలికి ఆరిపోయేది. మళ్ళీ వెలిగించేవారు. గాలికి అడ్డంగా నిలబడదామని పిల్లలు దగ్గరికి జరిగితే, "దూరం, దూరం! మీద పడకండర్రా" అని ఆయనే వెనక్కి పంపేవారు. చివరికి అగ్గిపెట్టె జేబులో వేసుకుని, "సరే, మండిందనే రాసుకోండి" అనేవారు.

మండిందని రాసి, బొమ్మ వేసి, సత్యదుర్గ సైన్సులో బడికి ఫస్టు వచ్చింది.

ఇంటర్లో ఎంపీసీ చదవాలంటే అమలాపురం బస్సెక్కాలి. దారిలో ఆడపిల్లకేమైనా అయితే అని ఇంట్లో భయం. నిప్పు మండకుండానే మండిందని రాసుకున్న సంగతి ఆ అమ్మాయి ఇంట్లో ఎప్పుడో చెప్పి ఉంది. నాన్న తాతారావు గారు అదే పట్టుకున్నారు. "చూడకుండానే ఫస్టొచ్చేవు కదమ్మా, ఇంక అంత దూరమెళ్ళి చూసేదేముంది?" అన్నారు నవ్వుతూనే. టైలరింగైతే ఊళ్ళోనే నేర్పుతారు. నేర్చుకుంది.

మాస్టారు రిటైరయ్యాక సైన్సు పోస్టు చాలాకాలం ఖాళీగా ఉండిపోయింది. గదిని కుట్టుమిషన్లకిచ్చారు. కొన్నేళ్ళకు ఆ గదిలోకే సత్యదుర్గ గారు క్రాఫ్టు టీచరుగా వచ్చారు. కాంట్రాక్టు ఉద్యోగం, ఏటా జూన్‌లో రెన్యువల్ కావాలి. భర్త గంగబాబు మస్కట్ నుంచి నడుం పట్టేసి తిరిగొచ్చి ఇంట్లోనే ఉంటున్నారు. కువైట్లో ఇంటిపని చేసే అక్క ఫోను చేసినప్పుడల్లా, "ఆ ఉద్యోగం ఊడితే చెప్పవే, మా మేడమ్ చెల్లెలింట్లో పనిమనిషి కావాలంట" అంటుంది. సత్యదుర్గ గారు వెంటనే వేరే కబురు ఎత్తుతారు.

కిందటేడు పద్మశ్రీ అనే సైన్సు టీచరు బదిలీ మీద వచ్చారు. ల్యాబు సామాను కూడా పెట్టెల్లో దిగింది. పెట్టడానికి చోటు లేక వాటిని కుట్టుగది బల్ల కిందకు తోశారు. ఓ రోజు పద్మశ్రీ గారు కుట్టుగది ముందు వరండాలో తొమ్మిదో తరగతికి ఆక్సిజన్ ప్రయోగం మొదలుపెట్టారు. దీపం ఆరింది. మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ ఆరింది.

"టీచరండీ, మండిందని రాసేసుకోమంటారా?" అంది వాళ్ళలో హారిక అనే అమ్మాయి. పిల్లలు గొల్లుమన్నారు.

లోపల సత్యదుర్గ గారి కాలు మిషన్ మీద ఆగిపోయింది. లేచి తలుపు దగ్గరికొచ్చారు. "లోపలికి తెచ్చుకోండమ్మా. ఇక్కడ గాలి రాదు."

బల్ల మీది గుడ్డలు తీసేసి, తలుపు కూడా వేశారు. మంట నిటారుగా నిలబడింది. హారిక గొట్టంలో అగరొత్తి పెట్టింది. భగ్గుమంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. యాభై దాటిన సత్యదుర్గ గారు కళ్ళార్పకుండా చూసి, "మళ్ళీ ఓసారి పెట్టవే" అన్నారు.

ఆ సాయమే ఆవిడ మెడకు చుట్టుకుంది. ఆ గది ల్యాబుకు ఇప్పించమని పద్మశ్రీ గారు పేరెంట్స్ కమిటీని అడిగారు. మీటింగుకు ముందు హెడ్మాస్టరమ్మ సత్యదుర్గ గారిని పక్కకు పిలిచారు. "మిషన్లకి ఇంకో గది లేదమ్మా. ఈ గది ఇచ్చేస్తే క్రాఫ్టు క్లాసు జరుగుతోందని నేను రాయలేను. రాయకపోతే రెన్యువల్ రాదు. ఆలోచించుకోండి."

కమిటీ ఛైర్మన్ ముత్యాలరాజు గారు హారిక తండ్రి, రొయ్యల చెరువులాయన. "ఆ గదిలో అయితే దీపం ఆరదంటండి, మా అమ్మాయి ఇంట్లో ఒకటే గోల" అని, సత్యదుర్గ గారి వైపు తిరిగారు. "ఇచ్చేద్దామంటారా? మీ మాటే ఖాయమండి."

అందరూ ఆవిడ వైపే చూశారు.

"నిప్పుతో పని కదండి" అన్నారు సత్యదుర్గ గారు. "మూసిన గది. ఏ పిల్ల చున్నీయో అంటుకుంటే ఎవరండి జవాబుదారీ?"

ఆడపిల్లలకేమైనా అయితే అన్న మాట వస్తే ఇక్కడ ఏ పనైనా ఆగిపోతుందని ఆవిడకు తెలుసు. తన చదువూ అలాంటి మాటల దగ్గరే ఆగింది.

"అమ్మో, వద్దొద్దు! బొమ్మలు శుభ్రంగా వేయించండి, చాలు" అన్నారు ముత్యాలరాజు గారు.

"మగపిల్లల బళ్ళో నిప్పు లేదాండి?" అని అడిగారు పద్మశ్రీ గారు.

"వాళ్ళకి చున్నీలు లేవు కదండీ మరి!" అన్నారు ఛైర్మన్ గారు.

గదంతా నవ్వింది. సత్యదుర్గ గారు కూడా నవ్వుముఖం పెట్టారు.

మర్నాడు హారిక కుట్టుగది గుమ్మంలో నిలబడింది. "మళ్ళీ ఓసారి పెట్టమని మీరే అన్నారు కదండీ."

"ముందు ఆ చున్నీ సరిగ్గా వేసుకో" అన్నారు ఆవిడ, గుడ్డ మీంచి తల ఎత్తకుండా.

జూన్‌లో రెన్యువల్ వచ్చింది. సామాను పెట్టెలు బల్ల కిందే ఉన్నాయి. హారిక పదో తరగతికి వచ్చింది. సత్యదుర్గ గారు ఆ బడిలోనే క్రాఫ్టు టీచరుగా పనిచేస్తున్నారు.