ఎండిన బోరు నుంచి ఇరవయ్యారు సీసాలు

నీళ్ల పరీక్షల ల్యాబులో ఆమెది పదిహేడేళ్ల సర్వీసు. పర్యావరణ శాస్త్రంలో డాక్టరేటు ఉంది, సంతకానికి విలువ ఉంది, ఎండలో తిరిగే పని లేదు. సీసాలు వచ్చేవి. పరీక్షించి, అంకెలు రిజిస్టరులో రాసి, సంతకం పెట్టేది. ఏ సీసా ఎక్కడిదో దాని మీది చీటీ చెప్పేది. ఆ చీటీ మీద ఆమెకు ఏనాడూ అనుమానం రాలేదు.

ఒక మంగళవారం నీళ్లు పట్టుకొచ్చే ఉద్యోగి నడుం పట్టేసి సెలవు పెట్టాడు. పై అధికారి ఆమెను పిలిచి, "ఈ ఒక్కసారికి మీరు వెళ్లి రండి మేడమ్. పద్నాలుగో నంబరు బోరొక్కటే మిగిలింది" అన్నాడు.

ఆ బోరు, బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీ వెనక పేటలో, బడి గోడ పక్కన ఉంది. ఆమె సీసా కింద పెట్టి చేతిపంపు కొట్టింది. కిర్రుమని చప్పుడే తప్ప చుక్క రాలేదు. ఒళ్లంతా చెమట పట్టేదాకా కొట్టింది. కిటికీలోంచి చూసి బడి టీచరమ్మ బయటికొచ్చింది.

"అందులో నీళ్లెక్కడివండీ? ఎండిపోయి రెండేళ్లు దాటింది."

ఆమె పంపు వదిలేసింది. పోయిన నెలే ఈ బోరు నీళ్లు తాగొచ్చని సంతకం పెట్టింది.

"మరి మీరేం తాగుతున్నారు?"

"అదిగో, ఫ్యాక్టరీ గోడ పక్క బోరువి. కాస్త పచ్చగా వస్తాయి. అయినా ఈ పేట నీళ్లు మంచివని రాసిచ్చారు కదా."

టీచరమ్మ లోపలికి తీసుకెళ్లి గోడకు అంటించిన కాగితం చూపించింది. కింద ఆమె సంతకం. ఎదురుగా పిల్లలు తలలు వంచి రాసుకుంటున్నారు. వాళ్ల చేతుల మీద బూడిదరంగు మచ్చలు.

ఆఫీసుకొచ్చి రిజిస్టరు తెరిచింది. ఇరవయ్యారు నెలలు, ఇరవయ్యారు సీసాలు. అన్నింట్లోనూ క్లోరిన్ ఉంది. క్లోరిన్ కుళాయి నీళ్లలో కలుపుతారు. నేల అడుగు నుంచి తోడిన నీళ్లలో అది ఉండదు. ఈ సంగతి మొదటి ఏడాది చదివే విద్యార్థికి కూడా తెలుసు. ఆమె మాత్రం ప్రతి నెలా తన చేత్తోనే ఆ అంకె వేసి, కింద సంతకం పెట్టింది. ల్యాబు వరండాలోని కుళాయి తిప్పి, నీళ్లు పట్టి పరీక్షించింది. అంకెలు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి.

మర్నాడు ఫ్యాక్టరీ పక్క బోరు నీళ్లు తెచ్చి చూసింది. రంగుల పనిలో వాడే క్రోమియం అనే విషం ఉండదగిన దానికి పదకొండు రెట్లుంది. పై అధికారి కాగితం చదివి బోర్లించాడు. "వచ్చే నెల నుంచి సరిచేసుకుందాం. ఇప్పుడు కదిపితే మీ మెడకే చుట్టుకుంటుంది." ఆమె పైవాళ్లకు మూడు ఉత్తరాలు రాసింది. జవాబు లేదు. పేటకు వెళ్లి ఇల్లిల్లూ తిరిగి చెబితే, "మీరు రాసిన కాగితంలో బాగున్నాయనే ఉందిగా" అన్నారు.

ఆమె తమ్ముడు పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. అతని పాత కెమెరా తీసుకుంది. మొదటి రోజు గంటసేపు ఏమీ కనిపించడం లేదని కుస్తీ పడుతుంటే, "అక్కా, ముందు లెన్సు మూత తియ్యి" అన్నాడు తమ్ముడు.

నాలుగు నెలల పాటు సెలవు రోజుల్లో తీసింది. ఎండిన పంపును తీసింది, పచ్చటి నీళ్ల బిందెలను తీసింది, రిజిస్టరు తెరిచి క్లోరిన్ సంగతి తనే చెబుతూ తీసింది. సీసాలు తెచ్చే ఉద్యోగి ఇంటికి కూడా వెళ్లింది. అతను తప్పించుకోలేదు. కెమెరా ముందు కూర్చుని చెప్పాడు.

"బోరు ఎండిందని మొదటి నెలే రాసిచ్చాను. పైవాళ్లు ఖాళీ సీసా తేవద్దన్నారు. నింపి తెచ్చాను. పరీక్షలో మీకు తెలిసిపోతుంది, మీరే అడుగుతారనుకున్నాను మేడమ్. మీరు అడగలేదు."

ఆమె కెమెరా ఆపలేదు. ఆ మాట సినిమాలో అలాగే ఉండిపోయింది.

"ఆ క్లోరిన్ ముక్క తీసేద్దామక్కా. నీ నోటితో నువ్వే చెప్పుకోవడమెందుకు?" అన్నాడు తమ్ముడు, ఎడిటింగుకు కూర్చున్నప్పుడు.

"అది తీసేస్తే ఇంకేం మిగుల్తుందిరా?"

ముప్పై ఒక్క నిమిషాల ఆ సినిమాను బడి హాల్లో గోడ మీద వేశారు. అయిపోయాక వెనక నుంచి ఒక పెద్దావిడ లేచి, మనవరాలి చెయ్యి పట్టుకుని ముందుకొచ్చింది. ఆ పిల్ల మోచేతుల దాకా మచ్చలే.

"వద్దు వద్దంటున్నా దీనికి నేనే పట్టించాను ఆ నీళ్లు. నీ సంతకం చూసి" అంది.

జవాబు కోసం ఆగకుండా పిల్లను తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

వారం తిరగకుండా ఆ సినిమా ఫోన్లలో ఊళ్లన్నీ తిరిగింది. ఆరో వారంలో బోరు మూసి, పేటకు ట్యాంకర్లు పంపారు. ఫ్యాక్టరీ మీద విచారణ మొదలైంది, ఇంకా నడుస్తోంది. రిజిస్టరు బయటపెట్టినందుకు ఆమెకు మెమో ఇచ్చారు. జవాబుగా రాజీనామా ఇచ్చింది. ఇప్పుడు తమ్ముడి గదిలోనే ఒక మూల బల్ల వేసుకుని మూడో సినిమాకు పని చేస్తోంది. నెలకోసారి ఆ పేటకు వెళ్లి, పిల్లలను డాక్టరుకు చూపించి వస్తుంది. టీచరమ్మ తోడు వెళ్తుంది. చాలామంది పిల్లల మచ్చలు పలచబడ్డాయి. మనవరాలు కూడా వచ్చి వరసలో నిలబడుతుంది.

పెద్దావిడ మాత్రం ఇప్పటికీ ఆమెతో మాట్లాడదు.