ఫణిశ్రీ కంటే పెద్ద రౌటర్

రాజమండ్రి దానవాయిపేటలో మాణిక్యాంబగారు నలభై ఏళ్లుగా సంగీతం చెబుతున్నారు. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లు వందల్లో ఉంటారు. వాళ్లందరిలో ఆవిడకి అన్నం తినేటప్పుడు కూడా గుర్తొచ్చేది ఒక్క ఫణిశ్రీ. ప్రేమతో అనుకునేరు, కడుపుమంటతో.

మంట ఊరికే పుట్టలేదు. తన దగ్గర పదకొండేళ్లు నేర్చుకున్న ఆ పిల్ల, పెళ్లి చేసుకుని రెండు వీధుల అవతలే కాపురం పెట్టి, ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతోంది. పుణె నుంచి ఒకరు, చెన్నై నుంచి ఒకరు, రోజుకొకరు చేరుతున్నారు. మాణిక్యాంబగారింటికి వచ్చే పిల్లలు కోచింగుల పుణ్యమా అని ఎప్పుడో మానేశారు. ఆన్‌లైన్‌లో ముగ్గురుంటే, ఇద్దరు "నెట్ కట్టవుతోందండి" అని మర్యాదగా చెప్పి, అటు నుంచి అటే ఫణిశ్రీ దగ్గర చేరిపోయారు. ఇక మిగిలింది బెంగుళూరు పిల్ల వైదేహి ఒక్కతే. నెలాఖరు దాకా చూస్తామని వాళ్లమ్మ మొన్న అననే అంది. అదీ వెళ్లిపోతే మాణిక్యాంబగారికి టీచరన్న పేరు తప్ప ఇంకేమీ మిగలదు.

"అదంతా నెట్టు మహిమండి. దాని గొప్పేం లేదు" అని భర్తతో అని, చెప్పులేసుకుని రౌటర్ కొనడానికి మెయిన్ రోడ్డులో కంప్యూటర్ షాపుకి బయలుదేరారు.

షాపు అనిల్ కుమార్ ఓపికైనవాడు. "ఎన్ని గదులండి ఇల్లు?" అన్నాడు.

"మూడు."

"ఫోన్లూ టీవీలూ కలిపి ఎన్నుంటాయండి?"

"ఫణిశ్రీ ఏది పట్టుకెళ్లింది?"

అతను నవ్వాపుకున్నాడు. ఫణిశ్రీ గారు రెండు యాంటెనాలది తీసుకున్నారని, మూడు గదులకీ మామూలు కనెక్షనుకీ అది చాలని చెప్పాడు. యాంటెనాల లెక్క కంటే ఇంటి మధ్యలో కాస్త ఎత్తున పెట్టుకోవడం ముఖ్యమని, ఇనప బీరువా వెనక మాత్రం పెట్టొద్దని కూడా చెప్పాడు. మాణిక్యాంబగారికి ఇందులో చెవికెక్కింది మొదటి ముక్కే.

"అయితే నాకు ఆరున్నది ఇవ్వు బాబూ."

"మీకు అవసరం లేదండి."

"నా అవసరం నాకు తెలుసు."

అలా ఆరు యాంటెనాల రౌటర్ హాల్లో గోడ మీదకెక్కింది. శనివారం పాఠానికి వైదేహి జడ రిబ్బను మీది చుక్కలతో సహా కనిపించింది. మాణిక్యాంబగారి ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ పద్ధతి ఎప్పుడూ ఒకటే. పిల్లలు పాడుతుంటే తనూ కూడా పాడాలి. వాళ్లు తప్పేలోపే తన గొంతు అందుకోవాలి. ఇప్పుడూ అలాగే ఎత్తుకున్నారు. వైదేహి గొంతు అరక్షణం వెనకబడి వచ్చింది. పిల్ల సాగదీస్తోందనుకుని ఆవిడ జోరు పెంచారు. పిల్ల కంగారుపడి పరిగెత్తింది. స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నాలుగోసారి కసిరేసరికి వైదేహి నోరు మూసుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఇవాళ నెట్ బాగానే ఉందండీ" అంది వాళ్లమ్మ. ఆ మాట మాణిక్యాంబగారికి గుచ్చుకుంది.

ఆవిడ వెంటనే అనిల్ కుమార్‌కి ఫోన్ చేశారు. "దానికి మంచిదిచ్చి నాకు పనికిరానిది అంటగట్టావా?"

"లేదండి. మాట బెంగుళూరు వెళ్లి రావాలి కదండి. ఏ రౌటరైనా ఆ కాస్త ఆలస్యం ఉంటుందండి. ఫణిశ్రీ గారికీ ఉంటుంది."

"మరి దానికెలా సాగుతోంది?"

"అది ఆవిడనే అడగాలండి."

మాణిక్యాంబగారు చచ్చినా అడగరు. కానీ మర్నాడు ఫణిశ్రీయే జామకాయల సంచితో వచ్చి కాళ్లకి దణ్ణం పెట్టింది. "వైదేహి వాళ్లమ్మగారు ఫోన్ చేశారండి. మీతో చెప్పకుండా చేర్చుకోనన్నానండి."

ఆ వినయానికి మాణిక్యాంబగారికి ఒళ్లు మండిపోయింది. "చేర్చుకో. అందరినీ చేర్చుకున్నావుగా. ఒక్కటి చెప్పు. ఆ ఆలస్యంతో పిల్లలతో కలిసి ఎలా పాడుతున్నావే?"

"కలిసి పాడనండి. నేనొకసారి పాడి మ్యూట్ చేసుకుంటానండి. తర్వాత వాళ్లు పాడతారు. నేను వింటాను."

"టీచరు నోరు మూసుకుంటే అదేం పాఠమే?"

ఫణిశ్రీ తటపటాయించింది. "మీ దగ్గర పదకొండేళ్లు పాడానండి. నా గొంతెలా ఉంటుందో నాకు తెలిసింది మాత్రం పెళ్లయ్యాకండి. ఇంట్లో ఒక్కదాన్నే పాడుకున్నప్పుడు."

మాణిక్యాంబగారు కాఫీ కూడా ఇవ్వలేదు.

మంగళవారం పాఠంలో ఒకసారి పాడి, వెతికి వెతికి మ్యూట్ నొక్కారు. వైదేహి బెదురుతూ ఎత్తుకుంది. రెండో వరుసలో తప్పింది. అందుకోబోయి ఆవిడ పెదవి కొరుక్కున్నారు. పిల్ల తనే ఆగి, వెనక్కి వెళ్లి, దిద్దుకుని పాడింది. కింది స్థాయికి దిగినప్పుడు ఆ గొంతులో సన్నని జీర వినిపించింది. ఆరు నెలలుగా చెబుతున్నా ఆవిడ దాన్ని ఎప్పుడూ వినలేదు.

ఇన్నాళ్లూ ఈ భాగ్యమంతా ఫణిశ్రీ ఒక్కతే అనుభవిస్తోందన్నమాట. పిల్లల్ని పట్టుకుపోయిందన్న మంట కంటే ఇది పెద్దదిగా ఉంది. పైగా ఫణిశ్రీ గొంతెలా ఉండేదో, పదకొండేళ్లు ఎదురుగా కూర్చోబెట్టుకుని కూడా, తనకి తెలియదు.

పాట ఆగి చాలాసేపయింది.

"టీచరుగారూ, ఉన్నారా?" అంది వైదేహి.

ఆవిడ కళ్లు తుడుచుకుని మ్యూట్ తీశారు. "ఉన్నానమ్మా. మళ్లీ పాడు."